ఫౌజీ ఇల్లు: మీ ప్రశ్నలు, సుబేదారు జవాబులు

పోయిన సంచికలో ‘మాజీ సైనికులు ఏదైనా అడగండి’ అని వేస్తే, వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాళ్ళ భార్యలూ పిల్లలూ రాసినవే. ఫౌజీకి, అంటే సైనికుడికి, ఎవర్నీ ఏదీ అడిగే అలవాటుండదు, నాకూ లేదు. కొన్ని ఉత్తరాలు బాగా పొడుగ్గా ఉండటంతో కుదించి ఇస్తున్నాం. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యలేదు.

ప్రశ్న: మా ఆయన హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చారు. తాగుడు లేదు, దేవుడంటే భక్తి, పిల్లలంటే ప్రాణం. కానీ తెల్లారి ఐదింటికి అందర్నీ లేపేస్తారు, గుమ్మంలో చెప్పులు వరసగా లేకపోతే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. పదో క్లాసు చదివే మా అబ్బాయి ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ గది దాటి రాడు. ‘సెలవుకొచ్చి వెళ్ళిపోయే నాన్నే నయం’ అన్నాడు మొన్న. ఏం చెయ్యాలో తోచడం లేదు.
*– ఒక సోదరి, విజయనగరం జిల్లా*

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయి మాట ఆయన చెవిన పడకుండా చూడండి. అందులో నిజం ఉంది, అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది.

సెలవుకొచ్చిన ఫౌజీ ఇంట్లో కొత్తల్లుడు. ఏడాదికి రెండు నెలల యాన్యువల్ లీవు, పైన 30 రోజుల క్యాజువల్ లీవు, అవీ అడిగినప్పుడు దొరకవు. దొరికి దిగాడంటే ఇంట్లో కోడికూర, చుట్టాలు, ఏదో ఒక గుడి మొక్కు. పిల్లాడికి మార్కులు తగ్గినా, పొలం గట్టు దగ్గర పక్కవాడితో తగువైనా ‘ఆయన వెళ్ళాక చూసుకుందాంలే’ అని దాచేస్తారు. అంటే ఇన్నేళ్ళుగా ఆయన చూసిన ఇల్లు అసలు ఇల్లు కాదు. అసలు ఇంటిని మీరు నడిపారు. కరెంటు బిల్లు, అత్తగారి బీపీ మాత్రలు, కౌలు డబ్బులు, స్కూల్లో పేరెంట్స్ మీటింగ్, అన్నీ మీరే. ఇప్పుడాయన శాశ్వతంగా వచ్చి చూసుకుంటే తను చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. అక్కడేమో పొద్దున పీటీ, తర్వాత వరసల్లో నిలబడే ఫాలిన్, సాయంత్రం రోల్‌కాల్, ఎప్పుడెక్కడ నిలబడాలో రాసిపెట్టి ఉంటుంది. హవల్దారంటే తన కింద మాట వినే కుర్రాళ్ళుంటారు. ఇక్కడ ఎదురు చెప్పకుండా ఆయన మాట వినేవి చెప్పులే, అందుకే వాటి మీద పడ్డారు.

ఒక పని చెయ్యండి. స్టోరు గానీ గార్డు గానీ ఒకరి నుంచి ఇంకొకరికి మారేటప్పుడు ఫౌజులో ‘హ్యాండింగ్ టేకింగ్’ అని ఉంటుంది, లిస్టు చూసుకుని, లెక్కపెట్టి, సంతకం పెట్టి తీసుకుంటాం. మీరూ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: అత్తగారి ఆసుపత్రి, గ్యాసు, కరెంటు, పొలం వ్యవహారం ఈ ఒకటో తారీకు నుంచి మీవి అని. నవ్వుతారేమో గానీ తీసుకుంటారు. ఇచ్చాక మాత్రం వెనక నుంచి ‘అలా కాదండీ’ అనొద్దు, బిల్లు రెండు రోజులు ఆలస్యమైనా సరే. చాలా ఇళ్ళలో తేడా వచ్చేది ఇక్కడే, ఆడవాళ్ళు పని ఇస్తారు గానీ అధికారం ఇవ్వరు. (ఈ మాటకి నాకు ఉత్తరాలు వస్తాయని తెలుసు, రాయండి.)

పిల్లాడి చదువు మాత్రం ఆ లిస్టులో వద్దు. పదో క్లాసు గండం గడిచేదాకా అది మీ దగ్గరే ఉండనివ్వండి.

రెండోది ఉద్యోగం. నలభై దాటీ దాటకుండా ఇంట్లో కూర్చోవడం ఏ మగాడికీ మంచిది కాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉద్యోగం కోసం పేరు నమోదు చేయించుకున్నారో లేదో కనుక్కోండి. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం, సబ్ స్టాఫులో 24.5 శాతం మాజీ సైనికులకుంది. మనవాళ్ళు చాలామంది సెక్యూరిటీ గార్డు ఉద్యోగం తప్ప ఇంకేం దొరకదనుకుని దరఖాస్తే పెట్టరు. జీతం సంగతి అటుంచి, తొమ్మిదింటికి చొక్కా టక్ చేసుకుని గుమ్మం దాటే పని ఒకటి ఉంటే మీ ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు 1971 యుద్ధంలో పనిచేశారు, ఆర్టిలరీ. ఇప్పుడు మంచం మీద ఉన్నారు, మాట స్పష్టంగానే ఉంది. అమ్మ పేరు ఆధార్‌లో ‘వెంకట సుబ్బలక్ష్మి’, నాన్న పెన్షన్ కాగితాల్లో ఒట్టి ‘సుబ్బమ్మ’. పుట్టిన తేదీ గడి ఖాళీ. ‘ఇన్నేళ్ళు పెన్షన్ ఆగిందా? ఇప్పుడెందుకురా’ అంటారు నాన్న. నిజంగా అవసరమా?
*– ప్రకాశం జిల్లా పాఠకుడు*

జవాబు: బాబూ, ఈ సంచికలో అన్నిటికన్నా ముఖ్యమైన ఉత్తరం మీదే. ఆయన పెన్షన్ ఆగదు, నిజమే. ఆగేది మీ అమ్మగారిది.

అప్పట్లో ఏం జరిగేదో చెప్తాను. పెళ్ళి చేసుకుని సెలవు నుంచి తిరిగెళ్ళిన కుర్రాడు యూనిట్ ఆఫీసులో క్లర్కు ముందు నిలబడేవాడు. క్లర్కుది ఏ బిహారో హర్యానానో. ‘బీవీ కా నామ్?’ అంటే మనవాడు ఇంట్లో పిలిచే పేరు చెప్పేవాడు. ఇంటిపేరు ముందుంటుందని ఆ క్లర్కుకి తెలీదు, చివర్లో పెట్టి అదే పేరనుకునేవాడు. పుట్టిన తేదీ అడిగితే అమ్మాయి పుట్టినప్పుడు తుపానొచ్చిందనో, ఫలానా ఎలక్షన్లనో తప్ప తేదీ ఎవరికి తెలుసు? అదే జవాను వివరాలు రికార్డుకెక్కించే పార్ట్ టూ ఆర్డర్‌లోకి ఎక్కి, అక్కడి నుంచి డిస్చార్జి బుక్కులోకి, పెన్షన్ మంజూరు కాగితమైన పీపీఓలోకి వచ్చేసింది. నాన్నగారి నల్ల ట్రంకు పెట్టె ఉంటుంది కదా, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు రాసింది, ఆ రెండు కాగితాలూ అందులోనే అడుగున ఉంటాయి. తీసి చూడండి.

ఇప్పుడు లెక్క. ఆయన తర్వాత అమ్మగారికి ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, చివరి జీతం లెక్కలో 30 శాతం, కనీసం నెలకు 9,000, దాని మీద డీఆర్, అంటే కరువు భత్యం. రిటైరైనవాళ్ళు 67 ఏళ్ళ లోపు పోతే కొన్నాళ్ళపాటు 50 శాతం ఇస్తారు, మీ విషయంలో ఆ వయసు దాటిపోయింది కాబట్టి అది వర్తించదు. ఇక చాలామందికి తెలియంది, ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆవిడకి 80 నిండితే 20 శాతం అదనం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరు నిండితే నూటికి నూరు. ఇది లెక్కగట్టేది ఆవిడ పుట్టిన తేదీ మీద. మీ కాగితంలో ఆ గడే ఖాళీ.

ఆయన ఉండగా ఇది చిన్న పని. నాన్నగారు ఒక దరఖాస్తు మీద సంతకం పెట్టాలి, చెయ్యి వణికితే వేలిముద్ర వెయ్యొచ్చు. దానికి అమ్మగారి ఆధార్, పాన్, ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో, ఈ రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించుకుని పంపాలి. ఆర్టిలరీ రికార్డ్స్ నాసిక్ రోడ్డులో ఉంది. ఇది చదువుతున్న మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను, మద్రాసు రెజిమెంటు వాళ్ళకి వెల్లింగ్టన్, వాహనాలూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈకీ, ఆయుధాలూ సామగ్రీ చూసే ఆర్డినెన్సుకీ సికింద్రాబాద్, మద్రాసు ఇంజినీర్ల గ్రూపు ఎంఈజీకి బెంగళూరు, సిగ్నల్స్‌కి జబల్‌పూర్. పెన్షన్ రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ స్పర్శ్‌లోకి మారిపోయి ఉంటే అందులో లాగిన్ అయి మార్పు కోరవచ్చు, చేతకాకపోతే దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. ఏడాదికోసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి ఆయన్ని ఆటోలో ఎక్కించి తిప్పొద్దు, జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్‌తో మంచం దగ్గరే ఫోన్లో అయిపోతుంది.

ఆయన పోయాక ఇదే పని ఎలా ఉంటుందో నేను దగ్గరుండి చూశాను. మా పక్క ఊళ్ళో ఒక నాయక్ భార్య ఇలాంటి పేరు తేడాతోనే ఒక ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ‘సుబేదారు గారూ, నేను ఆయన భార్యనని ఆ పెద్దమనిషిని ఒక్కసారి కల్లోకొచ్చి చెప్పమనండి వీళ్ళకి’ అంది. నవ్వుతూనే అంది, కళ్ళలో మాత్రం నీళ్ళు.

కాబట్టి నాన్నగారికి పెన్షన్ అని చెప్పకండి. ఆర్డర్ అని చెప్పండి, ‘మీ ర్యాంకు కన్నా పెద్ద ర్యాంకు సుబేదారు ఆర్డర్ ఇచ్చాడు’ అనండి. గన్నరు (ఆర్టిలరీ జవాను) మాట కాదనడు.

ప్రశ్న: మాది క్రైస్తవ కుటుంబం. మా నాన్న రిటైరయ్యాక ఊళ్ళో గుడి జాతరకి చందా ఇస్తారు, పీర్ల పండక్కి వెళ్తారు, ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో ఉంటారు. సంఘంలో కొందరు పెద్దలు ‘మీ నాన్న విశ్వాసం ఎటూ కాకుండా ఉంది’ అంటున్నారు. నాకు సిగ్గుగా ఉంది.
*– డిగ్రీ విద్యార్థి, గుంటూరు జిల్లా*

జవాబు: సిగ్గెందుకు తమ్ముడూ? మీ నాన్న చేస్తున్నది ఆయనకి ఫౌజు నేర్పిన భక్తి.

రిక్రూటు ట్రైనింగ్ ముగిసి కసమ్ పరేడ్ జరిగే రోజు చూడాల్సింది. కుర్రాళ్ళు వరసల్లో నిలబడితే ఎదురుగా భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ్ సాహిబ్ ఉంటాయి, ఎవరి గ్రంథం సాక్షిగా వాళ్ళు ఒట్టేస్తారు, ఒట్టు మాత్రం అందరిదీ ఒక్కటే. ప్రాణం పోయినా సరే, నీళ్ళ మీదా నేల మీదా గాలిలోనూ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతానని. యూనిట్‌లో సర్వధర్మ స్థల్ అని ఒకే కప్పు కింద అన్ని మతాల దేవుళ్ళూ ఉండే చోటుంటుంది. పండిట్, మౌల్వీ, పాద్రీ, గ్రంథీ, వీళ్ళు కూడా జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) ర్యాంకు మనుషులే, భుజం మీద స్టారుంటుంది. ఆసుపత్రిలో పడి ఉన్న జవానుని చూడ్డానికి మౌల్వీ వెళ్తే ఆ జవాను రెడ్డా, ఖానా, సింగా అని చూడడు. మందిర్ పరేడ్‌లో పక్కవాడి కోసం నేనూ కళ్ళు మూసుకున్నాను, క్రిస్మస్ రాత్రి కేకు కోసం అందరికన్నా ముందు నిలబడ్డాను (భక్తి కన్నా కేకే ఎక్కువ, దాచడం దేనికి).

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం పేరు వినే ఉంటావు, మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇంటింటికీ ఫౌజీ ఉన్న ఊరు. అక్కడి కుర్రాళ్ళు డ్యూటీకి బయల్దేరేముందు గ్రామదేవత పోలేరమ్మకి మొక్కుతారు. మంచు కొండల్లో పోస్టు మీద ఉన్నవాడికి ఆ అమ్మ దగ్గర కట్టించుకున్న తాడు ఏం చేస్తుందని నన్నడిగితే చెప్పలేను. ఆ పోస్టులో మాత్రం ఎవరి తాడునీ ఎవరి సిలువనీ ఎగతాళి చేసినవాణ్ణి నేను చూళ్ళేదు.

మీ నాన్న చర్చిలో ముందు వరసలో ఉన్నారంటే విశ్వాసం సంగతి ఆయనకి ఖాయంగా తెలుసు. జాతర చందా మాత్రం పొరుగువాడి కోసం. పెద్దలు మళ్ళీ అడిగితే నువ్వు జవాబు చెప్పకు, ‘మా నాన్ననే అడగండి’ అను. అడగరులే.

ప్రశ్న: నేను నాయక్‌గా రిటైరయ్యాను. పిల్లలు సెటిలయ్యారు. ఊరికి ఏదైనా సేవ చెయ్యాలని ఉంది. కుర్రాళ్ళకి అగ్నివీర్ ట్రైనింగ్ ఇద్దామనుకుంటున్నాను. ఫీజు తీసుకోవచ్చా?
*– కరీంనగర్ జిల్లా*

జవాబు: అన్నా, బూట్లకీ గ్రౌండుకీ అయ్యే ఖర్చు తీసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. సెలెక్షన్ గ్యారంటీ అని ఒక్క రూపాయి తీసుకున్నా అది దళారీ పని. ఇలాంటి దళారీల చేతుల్లో పడి పొలం అమ్మి డబ్బు కట్టిన తల్లిదండ్రులున్నారు. అలాంటివాడి పక్కన మన ఫోటో కూడా ఉండకూడదు.

ఇప్పుడు పద్ధతి మారింది. ముందు ఆన్‌లైన్ పరీక్ష, అది గట్టెక్కితేనే ర్యాలీ. మనవాళ్ళు పొద్దున్నే 1.6 కిలోమీటర్లు పరుగెత్తించి, పులప్స్ తీయించి, 9 అడుగుల గొయ్యి దూకించి అక్కడితో ట్రైనింగ్ అయిపోయిందనుకుంటున్నారు. కుర్రాళ్ళు పోతున్నది పరీక్షలో. సాయంత్రం రెండు గంటలు లెక్కలు చెప్పే మాస్టార్ని ఒకర్ని పట్టుకోండి. ఇంకొకటి, అగ్నివీర్ అంటే నాలుగేళ్ళు, ఆ తర్వాత 25 శాతం మందినే ఉంచుకుంటారు, మిగతావాళ్ళు సుమారు 11.71 లక్షల సేవానిధితో వచ్చేస్తారు. మనకున్న పెన్షన్ వాళ్ళకి లేదు. ఇది చెప్పకుండా ఊరేగింపు చేసి పంపడం నాకు నచ్చదు. తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెట్టి చెప్పండి, విన్నాక కూడా వెళ్తానన్నవాణ్ణి ఆపక్కర్లేదు.

నన్నడిగితే దానికన్నా పెద్ద సేవ ఇంకోటుంది. మీ మండలంలో పదిహేనేళ్ళ సర్వీసు నిండకుండా వచ్చేసి పెన్షన్ లేకుండా ముసలివాళ్ళైన జవాన్లు, వాళ్ళ భార్యలు ఎంతమంది ఉన్నారో ఒక నోటుబుక్కులో రాయండి. 65 దాటి, హవల్దారు లేదా అంతకన్నా కింది ర్యాంకై, పెన్షన్ లేకపోతే రక్షణ మంత్రి సంక్షేమ నిధి నుంచి నెలనెలా సాయం వస్తుంది. 4,000 ఉండేది, 2025 నవంబరు నుంచి 8,000 చేశారు. ఆడపిల్ల పెళ్ళి గ్రాంటు కూడా 50 వేల నుంచి లక్ష అయింది, ఇద్దరు కూతుళ్ళ దాకా. మాజీ సైనికుల పిల్లలు ఇంజినీరింగూ నర్సింగూ లాంటివి చదువుతుంటే పీఎం స్కాలర్‌షిప్ ఉంది, నెలకి అమ్మాయిలకి 3,000, అబ్బాయిలకి 2,500, ఇంటర్‌లో 60 శాతం ఉండాలి. ఇవన్నీ కాగితాల మీద ఉన్నాయి, అందాల్సిన ముసలమ్మకి మాత్రం ఆన్‌లైన్ అంటే ఏంటో తెలీదు. ఆవిణ్ణి బైక్ మీద కూర్చోబెట్టుకుని సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్ళి, ఫారం నింపి, రసీదు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టండి. దీనికి ఎవరూ దండ వెయ్యరు, పేపర్లో ఫోటో రాదు.

ప్రశ్న: మా నాన్న శ్రీలంకకి పంపిన భారత శాంతి దళం ఐపీకేఎఫ్‌లో పనిచేశారు. దాని గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడరు. దీపావళి రాత్రి తలుపులేసుకుని లోపల కూర్చుంటారు. నా కొడుకు ‘తాతయ్యా, నువ్వు ఎవర్నైనా చంపావా’ అని అడిగితే లేచి వెళ్ళిపోయారు. నేనేం చెయ్యగలను?
*– హైదరాబాద్ నుంచి ఒక కూతురు*

జవాబు: అమ్మా, 1987లో మనవాళ్ళు వెళ్ళింది శాంతి కోసం అని చెప్పారు. ఆ అక్టోబరుకల్లా జాఫ్నా వీధుల్లో యుద్ధం. ఎవరి రక్షణకని వెళ్ళారో ఆ మనుషుల మధ్య నుంచే తూటాలు వచ్చాయి. 1990 మార్చిలో చివరి దళాలు తిరిగొచ్చే నాటికి సుమారు 1,200 మంది ప్రాణాలు పోయాయి. ఓడ మద్రాసు రేవుకి చేరితే, అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి స్వాగతం చెప్పడానికి వెళ్ళలేదు. కార్గిల్ నుంచి వచ్చినవాళ్ళకి రైల్వే స్టేషన్లో దండలు పడ్డాయి, వీళ్ళు మాత్రం ఎవరూ ఏమీ అడగని యుద్ధం నుంచి వచ్చి పెట్టె దించుకుని ఇంటికి నడిచారు. మాట్లాడకపోవడం అప్పుడే అలవాటై ఉంటుంది.

ఆయన్ని మాట్లాడించాలని చూడకండి, మీ అబ్బాయికి మాత్రం ఆ ప్రశ్న మళ్ళీ అడగొద్దని మెల్లగా చెప్పండి. యూనిట్ వాళ్ళెవరైనా ఫోన్లో టచ్‌లో ఉన్నారేమో చూడండి. ఇంట్లో నోరు విప్పని మనిషి పాత బ్యాచ్‌మేట్‌తో రాత్రి పన్నెండు దాకా మాట్లాడతాడు, అదీ హిందీలో, మీకు అర్థం కాకూడదని. ఢిల్లీలో ఇండియా గేటు పక్కన జాతీయ యుద్ధ స్మారకం 2019లో తెరిచారు, అక్కడ గ్రానైట్ ఇటుకల మీద శ్రీలంకలో పోయినవాళ్ళ పేర్లూ ఉన్నాయి. తీసుకెళ్తారా అని ఆయన అడిగితే వెంటనే టికెట్లు తియ్యండి, అడక్కపోతే మీరు ప్రోగ్రాం వెయ్యొద్దు.

దీపావళే కాకుండా మామూలు రోజుల్లో కూడా నిద్ర లేకపోవడం, ఉలిక్కిపడి లేవడం, ఉన్నట్టుండి కోపం ఉంటే అది జబ్బే, మందు ఉంది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు మీద పాలీక్లినిక్‌కి వెళ్తే సైకియాట్రిస్టుకి రెఫరల్ ఇస్తారు. ఆయన రానంటే ముందు మీరు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. ‘పిచ్చి డాక్టర్’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. నిద్ర డాక్టరనండి చాలు.

ప్రశ్న: మా బావగారు ఎక్స్ ఆర్మీ. మా ఇంట్లో గృహప్రవేశం ఉంది. మిలిటరీ క్యాంటీన్ నుంచి ఓ పది మందు బాటిళ్ళు ఇప్పించమంటే ‘కుదరదు’ అని మొహం మీదే చెప్పారు. సొంత మనిషికి ఆ మాత్రం చెయ్యకూడదా?
*– రాజమహేంద్రవరం*

జవాబు: కూడదు. కార్డు ఆయనది, కోటా ర్యాంకుని బట్టి నెలకింతని ఉంటుంది, అది ఇంకొకరికి ఇవ్వడం, అమ్మడం దొరికితే కార్డు పోతుంది. కార్డు పోతే సబ్బులు, బియ్యం, మీ అక్కయ్య వాషింగ్ మెషీను, అన్నీ పోతాయి. అయినా గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం చేయించుకోండి బాబూ, బావగారు ప్రసాదం పంచడానికి అందరికన్నా ముందొస్తారు.